హ్మాంగ్ పిల్లల చదువుకు మన మాట సాయం కావాలి: మిన్నెసోటా తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

మిన్నెసోటా తెలుగు సంఘాల పెద్దలకు, శని ఆదివారాల్లో మన పిల్లలకు తెలుగు నేర్పుతున్న టీచర్లకు, ఈడెన్ ప్రెయిరీ నుంచి వుడ్‌బరీ దాకా ఉన్న తెలుగు తల్లిదండ్రులకు నమస్కారం.

సెయింట్ పాల్ ప్రభుత్వ బడుల్లో చిన్న తరగతుల నుంచే హ్మాంగ్ భాషలో, అంటే లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చి ఇక్కడ స్థిరపడిన హ్మాంగ్ వాళ్ల భాషలో, చదువు చెబుతున్నారు. పాఠాలు కొన్ని హ్మాంగ్‌లో, కొన్ని ఇంగ్లీషులో నడుస్తాయి. ఈ బడులను నడిపే స్కూల్ జిల్లాలో డబ్బు తక్కువైనప్పుడు ముందుగా ప్రశ్నలు వచ్చేది ఇలాంటి తరగతుల మీదే. ఆ సమయంలో స్కూల్ బోర్డు మీటింగులో హ్మాంగ్ తల్లిదండ్రులు ఒంటరిగా మైకు ముందు నిలబడకూడదు, వాళ్ల పక్కన మనమూ ఉండాలి అని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను సెయింట్ పాల్ ఈస్ట్ సైడ్‌లో ఉంటాను. వారాంతంలో మన పిల్లలకు తెలుగు చెబుతాను. మా వీధిలో హ్మాంగ్ కుటుంబాలు చాలా ఉన్నాయి. మన ఇళ్లలో, విందుల్లో ఈ విషయం వచ్చినప్పుడు ఏం వినిపిస్తుందో నాకు బాగా తెలుసు. "ముందు ఇంగ్లీషు సరిగ్గా రానివ్వండి, తర్వాత మిగతావి" అంటారు. "ఇంట్లో మాట్లాడుకుంటే చాలదా, బడిలో ఎందుకు" అంటారు. "వాళ్లకుంటే మనకెందుకు లేదు" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇవి చెడ్డ మనసుతో వేసే ప్రశ్నలని నేను అనుకోవడం లేదు. చాలామందికి పక్క వీధిలో ఉన్న ఈ మనుషుల కథ తెలియదు, అంతే.

హ్మాంగ్ వాళ్ల మూలాలు దక్షిణ చైనా కొండల్లో ఉన్నాయి. 19వ శతాబ్దంలో వాళ్లలో చాలామంది లావోస్, వియత్నాం కొండల్లోకి వలస వచ్చారు. 1961 నుంచి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ లావోస్‌లో బయటికి చెప్పని యుద్ధం నడిపింది. జనరల్ వాంగ్ పావ్ నాయకత్వంలో హ్మాంగ్ యువకులను, చాలాచోట్ల ఇంకా మీసాలు రాని పిల్లలను కూడా, ఆ యుద్ధంలో సైనికులుగా వాడుకుంది. కూలిన విమానాల నుంచి అమెరికన్ పైలట్లను కాపాడుకొచ్చినవాళ్లు వీళ్లే. 1964 నుంచి 1973 వరకు ఆ చిన్న దేశం మీద అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. 1975 మే నెలలో లాంగ్ చెంగ్ స్థావరం నుంచి విమానాల్లో కొన్ని వేల మందిని తరలించారు. మిగిలినవాళ్లు అడవుల్లో నడిచి, మెకాంగ్ నది దాటి థాయిలాండ్ చేరారు. దాటలేక నదిలోనే పోయినవాళ్లు ఎందరో. బాన్ వినై లాంటి శరణార్థి శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపాక అమెరికాకు వచ్చారు. మిన్నెసోటాకు మొదటి కుటుంబాలు 1975 చివర్లో, 1976లో చేరాయి. థాయిలాండ్‌లో చివరగా మిగిలిన వాట్ థమ్ క్రబోక్ శిబిరం నుంచి 2004 తర్వాత సుమారు 15,000 మంది వస్తే, వాళ్లలో వేల మంది మన ఊరికే వచ్చారు. ఇవాళ అమెరికాలో ఉన్న హ్మాంగ్ జనాభా 3 లక్షలు దాటింది. నగరాల లెక్కన చూస్తే అందరికంటే ఎక్కువమంది మన జంట నగరాలు మిన్నియాపొలిస్, సెయింట్ పాల్‌లోనే ఉన్నారు.

మనం ఇక్కడికి ఎలా వచ్చామో ఒకసారి గుర్తు చేసుకుందాం. వీసా స్టాంపు, డిగ్రీ సర్టిఫికెట్లు, రిటర్న్ టికెట్, విమానాశ్రయంలో వీడ్కోలు చెప్పిన చుట్టాలు మనకున్నారు. ఏడాదికో రెండేళ్లకో ఊరికి వెళ్లి వస్తాం. మా వీధి చివర ఇంట్లో ఉండే పెద్దాయనకు వెళ్లడానికి ఊరే లేదు. ఆ ఊరు కాలిపోయింది.

ఇది చరిత్ర పాఠం కోసం చెప్పలేదు. తెలుగు మాట్లాడేవాళ్లు 2011 జనగణన ప్రకారం భారతదేశంలోనే 8 కోట్ల మందికి పైగా ఉన్నారు. మనకు రెండు రాష్ట్ర ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, దినపత్రికలు, ప్రతి శుక్రవారం కొత్త సినిమా ఉన్నాయి. ఇక్కడ మన పిల్లలు తెలుగు మరిచిపోతే మన ఇంటికి నష్టం. భాషకు మాత్రం వెంటనే ప్రమాదమేమీ లేదు. హ్మాంగ్ అధికార భాషగా ఉన్న దేశం ప్రపంచంలో ఒక్కటీ లేదు. చైనాలో మియావ్ అనే పేరు కింద కోటి మందికి పైగా లెక్కిస్తారు కానీ, వాళ్లంతా ఒకే భాష మాట్లాడరు. ఒకరి మాట ఒకరికి అర్థం కాని భాషలు ఆ పేరులో కలిసిపోయి ఉన్నాయి. అందుకే ఈ భాషకు సర్కారీ బడి దొరికిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో సెయింట్ పాల్ ఒకటి. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో, ఫ్రెస్నో కూడా ఆ కోవలోవే. ఫ్రెస్నోలో 2012లో తెరిచిన ఎలిమెంటరీ స్కూలుకు వాంగ్ పావ్ పేరే పెట్టారు.

సెయింట్ పాల్‌లో ఇది ఒక్క రోజులో వచ్చింది కాదు. 1991లో ఛువా లీ ఇక్కడి స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. అమెరికాలో ఎన్నికల ద్వారా పదవిలోకి వచ్చిన మొదటి హ్మాంగ్ వ్యక్తి ఆమె. ఆ సమాజం నుంచి మొదటి ప్రతినిధి స్కూల్ బోర్డుకు వెళ్లడంలోనే వాళ్లకు ఏది ముఖ్యమో తెలుస్తుంది. తర్వాత ప్రభుత్వ డబ్బుతో స్వతంత్రంగా నడిచే చార్టర్ స్కూళ్లు వచ్చాయి, ప్రభుత్వ బడుల్లో హ్మాంగ్ తరగతులు వచ్చాయి. ఫేలెన్ లేక్ ఎలిమెంటరీ ఇప్పుడు ట్సూ చీ పేరుతో హ్మాంగ్ భాషా సంస్కృతుల బడి అయింది. చిన్న తరగతులకు ఒక క్యాంపస్, పెద్దవాళ్లకు ఇంకో క్యాంపస్ ఉన్నాయి. 2021 చివర్లో జిల్లా కొన్ని బడులు మూసి, కొన్నిటిని కలిపిన సమయంలో ఎన్ని కుటుంబాలు ఎంత టెన్షన్ పడ్డాయో ఈస్ట్ సైడ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అలాంటి సమయం మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కరోనా కాలంలో కేంద్రం ఇచ్చిన నిధులు 2024 సెప్టెంబరుతో ఆగిపోయాయి.

ఇప్పుడు ఆ తరగతిలో పిల్లలు ఏం నేర్చుకుంటారో కాస్త వివరంగా చెబుతాను. విన్నాక మీకూ ఈ భాష మీద ఇష్టం కలుగుతుందని నా నమ్మకం.

హ్మాంగ్‌లో మాట అర్థం గొంతు ఎత్తుదించే తీరు మీద ఆధారపడుతుంది. మన లిపిలో 'పొ' అని రాసే ఒక్క శబ్దాన్నే తీసుకోండి. ఒక స్వరంలో అంటే బంతి. ఇంకో స్వరంలో అంటే విసరడం. మరో స్వరంలో నానమ్మ. అలాగే ముల్లు, చూడటం, ఆడది, కడుపులో ఉండే ప్లీహం కూడా 'పొ'నే. హ్మాంగ్ కొత్త సంవత్సరం పండగలో యువతీ యువకులు ఎదురెదురుగా వరసల్లో నిలబడి బంతి విసురుకునే ఆట ఉంది. ఆ ఆట పేరులో రెండు మాటలూ 'పొ'లే, స్వరాలు మాత్రం వేరు. ఐదేళ్ల పిల్లలు దీన్ని ఆడుతూ పాడుతూ పట్టేస్తారు. మనలాంటి పెద్దవాళ్లకు నెలలు పట్టినా చెవికి తేడా తెలియదు. చిన్న వయసులోనే బడిలో మొదలుపెట్టాలని అడగడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు తెలియదు. పదిహేనేళ్లప్పుడు హైస్కూల్లో ఐచ్ఛిక సబ్జెక్టుగా ఇస్తే చాలదు.

ఇక రాత. లావోస్‌లో 1951 నుంచి 1953 మధ్య ముగ్గురు క్రైస్తవ మిషనరీలు, స్థానికులతో కలిసి, హ్మాంగ్‌ను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి తయారు చేశారు. ఇవాళ ఎక్కువగా వాడేది అదే. అందులో పదం చివర వచ్చే హల్లు పలకడానికి కాదు, స్వరం చూపడానికి. చివర 'బి' ఉంటే గొంతు ఎత్తాలి. 'ఎస్' ఉంటే దించాలి. 'ఎమ్' ఉంటే దించి గొంతు బిగించాలి. అంటే ఒకే పిల్లవాడు పొద్దున్న ఇంగ్లీషు పుస్తకంలో 'బి' అక్షరాన్ని ఒక రకంగా, మధ్యాహ్నం హ్మాంగ్ పుస్తకంలో పూర్తిగా ఇంకో రకంగా చదువుతాడు. పెద్దలు అనుకునేట్టు వాళ్లు గందరగోళ పడిపోరు. ఏ పుస్తకం ముందుంటే ఆ పుస్తకం నియమం ప్రకారం చదువుతారు. అక్షరం అంటే మనుషులు కలిసి చేసుకున్న ఒప్పందం అని ఆరేళ్లకే తెలిసిపోతుంది. మన ఒత్తులూ గుణింతాలూ నేర్చుకునే పిల్లల్లో కూడా నేను ఇదే చూస్తాను.

హ్మాంగ్‌కు సొంత లిపి కూడా ఉంది. 1959లో షాంగ్ లూ యాంగ్ అనే, చదువుకోని రైతు పహావ్ లిపిని సృష్టించాడు. లిపి లేని జాతి అన్న చిన్నచూపు పోగొట్టిన ఆ మనిషిని 1971లో చంపేశారు. 2014లో ఆ లిపి కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్‌లో చేరింది. ఈ కథ సెయింట్ పాల్‌లో మూడో తరగతి పిల్లలకు చెప్పాల్సిన కథ. హ్మాంగ్ పిల్లలకే కాదు, వాళ్ల పక్క బెంచీలో కూర్చున్న మన పిల్లలకు కూడా.

సంస్కృతి అనగానే పండగ రోజు వేసే బట్టలు, డాన్సులు గుర్తొస్తాయి. బడి అక్కడితో ఆగకూడదు. ఖెంగ్ అనే వాద్యం ఉంది, ఆరు వెదురు గొట్టాలతో చేసేది, నోటితో ఊది వాయిస్తారు. చావు ఇంట్లో దాన్ని వాయిస్తే వినిపించేది ఉత్త రాగం కాదు. భాషలోని స్వరాలనే ఆ గొట్టాలు పలుకుతాయి కాబట్టి, తెలిసినవాళ్లకు అందులో మాటలు అర్థమవుతాయి. పోయిన మనిషి పుట్టిన చోటికి తిరిగి వెళ్లే దారిని ఆ వాద్యమే చెబుతుందని వాళ్ల నమ్మకం. తాత శవం ముందు ఖెంగ్ మోగుతుంటే మనవడికి అది ఉత్త శబ్దంగా వినిపించడం ఎంత పెద్ద నష్టమో ఆలోచించండి. భాష లేకుండా సంస్కృతి మాత్రం మిగులుతుందని అనుకోవడం పొరపాటని నేను అంటున్నది ఇందుకే.

పాన్‌దౌ అనే కుట్టుపని గురించి మీలో కొందరు విని ఉంటారు. శిబిరాల్లో ఉన్నప్పుడు ఆడవాళ్లు పాత పద్ధతి డిజైన్లతో పాటు, జరిగినదంతా గుడ్డ మీద బొమ్మలుగా కుట్టడం మొదలుపెట్టారు. ఊరు, పంటలు, విమానాలు, మంటలు, నది, పడవలు అన్నీ దారంతోనే. నానమ్మ కుట్టిన ఆ గుడ్డ చాలా ఇళ్లలో గోడకు వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఏముందో అడిగి తెలుసుకోగలిగే భాష పిల్లకు ఉండాలి కదా.

చుట్టరికాల సంగతి మన తెలుగువాళ్లకు వెంటనే తడుతుంది. హ్మాంగ్‌లో తండ్రి తల్లికి ఒక పిలుపు, తల్లి తల్లికి ఇంకో పిలుపు. ఇంగ్లీషులో ఇద్దరూ గ్రాండ్మాలే. ఒకే వంశం పేరున్నవాళ్లు పెళ్లి చేసుకోరు. వాంగ్, యాంగ్, షాంగ్, మౌవా, లీ లాంటి వంశాల పేర్లు కొత్తగా పరిచయమైన ఇద్దరు హ్మాంగ్ మనుషులు మొదట అడిగి తెలుసుకుంటారు. "మీ ఇంటిపేరేంటి" అని మన పెద్దవాళ్లు అడిగినట్టే. ఈ లెక్కలన్నీ భాషలో ఉన్నాయి. భాష పోతే ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే దారే పోతుంది.

ఇక "ఇంట్లో మాట్లాడుకుంటే చాలదా" అన్న మాటకు వస్తాను. ఇది అందరికంటే మనకే బాగా తెలియాల్సిన విషయం.

మన వారాంతపు బడుల్లో ఎంతమంది ఎంత శ్రమ పడుతున్నారో నాకు తెలుసు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటివి లేకపోతే అమెరికాలో పుట్టిన ఎన్నో వేల మంది పిల్లలకు 'అ' రాయడం కూడా వచ్చేది కాదు. కానీ లెక్క చూద్దాం. వారానికి రెండు గంటల చొప్పున 30 వారాలు చెబితే ఏడాదికి 60 గంటలు. అదే, రోజూ వెళ్లే బడిలో రోజుకు మూడు గంటల చొప్పున 170 రోజులు చెబితే 510 గంటలు. గంటల తేడా ఒక ఎత్తు. ఆ గంటల్లో ఏం మాట్లాడతామన్నది ఇంకో ఎత్తు. వారాంతంలో మనం పద్యాలు, పండగల పేర్లు, రంగులు, కూరగాయలు నేర్పుతాం. మంచు నీటి మీద ఎందుకు తేలుతుందో, మూడింట రెండు వంతులు పెద్దదా నాలుగింట మూడు వంతులు పెద్దదా అన్నది ఏ పిల్లవాడూ మన దగ్గర తెలుగులో వాదించడు. ఆ ఆలోచనలన్నీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంగ్లీషులో జరిగిపోతాయి. అలా తెలుగు ఇంటి భాషగా, అన్నం తిన్నావా అని అడిగే భాషగా మిగిలిపోతుంది. ఏడో ఏడు, ఎనిమిదో ఏడు వచ్చేసరికి మనం తెలుగులో అడిగితే వాళ్లు ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలవుతుంది. ఈ ఉత్తరం చదువుతున్న ప్రతి ఇంట్లో ఇది జరిగే ఉంటుంది.

హ్మాంగ్ తరగతిలో ఆ దారి మారుతుంది. అక్కడ పాఠం చెప్పేది లైసెన్సు ఉన్న టీచరు, జీతం తీసుకునే ఉద్యోగి. ఆమె భిన్నాలు హ్మాంగ్‌లో చెబుతుంది. గోడ మీద వాతావరణం చార్టు హ్మాంగ్‌లో ఉంటుంది. నానమ్మ బడికి వస్తే బయట బెంచీ మీద ఎదురుచూసే మనిషిగా ఉండదు, తరగతిలో కూర్చుని కథ చెప్పే మనిషి అవుతుంది. బడి గౌరవించే భాషను పిల్లలు దాచుకోరు. సోమాలి పిల్లో, లాటినో పిల్లవాడో పక్కన కూర్చుని అదే భాష నేర్చుకుంటుంటే, తన భాష ఇంటి గోడలు దాటి కూడా పనికొస్తుందని హ్మాంగ్ పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. డబ్బుతో, వారాంతపు శ్రమతో మనం మన పిల్లలకు ఇవ్వలేకపోయింది ఇదే.

ఇంగ్లీషు పాడవుతుందన్న భయం నిజాయితీగా ఉన్న భయమే. దాని మీద చాలా పరిశోధన జరిగింది. వేన్ థామస్, వర్జీనియా కాలియర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి అమెరికా బడుల్లో పిల్లల ఫలితాలను చూసి 2002లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు భాషల్లో చదివిన పిల్లలు కాలం గడిచేకొద్దీ ఇంగ్లీషులో కూడా మిగతావాళ్లను అందుకున్నారని, చాలాచోట్ల దాటారని తేలింది. 'కాలం గడిచేకొద్దీ' అన్న మాట ముఖ్యం. మొదటి రెండు మూడేళ్లలో ఇంగ్లీషు మార్కులు కాస్త వెనకపడినట్టు కనిపించవచ్చు. బోర్డు మీటింగులో స్లైడు మీద చూపించేది ఆ మార్కులే. మూడో తరగతి మార్కులు చూసి కార్యక్రమాన్ని తీసేస్తే, ఆరో తరగతిలో వచ్చే ఫలితం ఎవరికీ కనిపించదు. బోర్డు సభ్యులను మనం అడగాల్సింది కూడా ఇదే. కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్లలను ఐదో తరగతి చివరి దాకా గమనించి లెక్క చెప్పండి, మధ్యలో తీర్పు ఇవ్వకండి.

లోపాలు లేవని నేను అనను. టీచర్ల కొరత చాలా పెద్ద సమస్య. హ్మాంగ్ ధారాళంగా మాట్లాడే పెద్దవాళ్లకు టీచరు లైసెన్సు ఉండదు. లైసెన్సు ఉన్న యువతకు సైన్సు పాఠం చెప్పేంత హ్మాంగ్ ఉండకపోవచ్చు, ఎందుకంటే వాళ్లు చదువుకున్నప్పుడు ఈ తరగతులే లేవు. పుస్తకాలు తక్కువ, టీచర్లే రాత్రిళ్లు కూర్చుని తయారు చేసుకుంటారు. తెల్ల హ్మాంగ్, ఆకుపచ్చ హ్మాంగ్ అని రెండు మాండలికాలు ఉన్నాయి. ఏది నేర్పినా రెండో ఇంటివాళ్లకు కాస్త బాధే. సైన్సు మాటలు కొత్తగా కట్టుకోవాలి. మనకు 1968లో తెలుగు అకాడమీ పెట్టుకుంటే తప్ప కాలేజీ పుస్తకాలు తెలుగులో రాలేదు. అది కూడా ఒక రాష్ట్ర ప్రభుత్వం వెనకుండి చేయిస్తే. ఇక్కడ కొద్దిమంది ఎలిమెంటరీ టీచర్లు ఆ పని చేస్తున్నారు. వాళ్లకు కావలసింది శిక్షణకు డబ్బు, పుస్తకాలకు డబ్బు, సమయం. 'నిలకడ లేదు కాబట్టి ఆపేద్దాం' అనేవాళ్లు నిలకడకు కావలసినవి ముందు ఇచ్చి చూడాలి.

"వాళ్లకుంటే మనకెందుకు లేదు" అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. మనకూ కావాలంటే అడుగుదాం, తప్పులేదు. 2014 నుంచి మిన్నెసోటాలో రెండు భాషలు వచ్చిన హైస్కూలు విద్యార్థులకు డిప్లొమా మీద ద్విభాషా ముద్ర ఇచ్చే చట్టం ఉంది. దాన్ని తెలుగు పిల్లలకు అందేలా చేయడం మన సంఘాలు పట్టుకోవాల్సిన పని. కానీ మనకు రాలేదని పక్కవాళ్లది పోవాలని కోరుకోవడం మన పెంపకం కాదు. పైగా ఈ దేశం హ్మాంగ్ వాళ్లకు ఒక బాకీ పడి ఉంది. 2000లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, లావోస్‌లో తమ కోసం పోరాడిన హ్మాంగ్ సైనికులకు పౌరసత్వ పరీక్షలో ఇంగ్లీషు నిబంధన సడలించింది. ఆ తాతల భాషను దేశం అప్పుడు ఒప్పుకుంది. మనవళ్ల దగ్గరికి వచ్చేసరికి అదే భాష అనవసరపు ఖర్చు ఎలా అవుతుంది? పక్క రాష్ట్రం విస్కాన్సిన్ 2024 ఏప్రిల్‌లో హ్మాంగ్ అమెరికన్ల, ఆసియన్ అమెరికన్ల చరిత్రను అన్ని ప్రభుత్వ బడుల్లో చెప్పాలని చట్టం చేసింది. ఆ చట్టం మీద గవర్నరు సంతకం పెట్టింది హ్మాంగ్ జనం ఎక్కువగా ఉన్న వాసా పట్టణంలో. అందులో మన పిల్లల చరిత్ర కూడా కలిసే ఉందని గమనించండి.

ఇంకో మాట. ప్రతి ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి వేదికల మీద చెబుతాం. అంతకంటే ముందు ఆయన చేసిన పని తక్కువగా చెబుతాం. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ ఆయన సవరలు అనే గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాఠాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. సవర వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. సవర ఆయన మాతృభాష కాదు. తన భాష కాని భాష కోసం, తన పిల్లలు కాని పిల్లల కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి పుట్టినరోజునే మనం మన భాషా దినంగా పెట్టుకున్నాం. ఆయన దారిలోనే 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది. తెలుగు లిపిలోనే ఆ భాషల పుస్తకాలు వేసి, పిల్లలను క్రమంగా తెలుగులోకి తీసుకెళ్లే పద్ధతి అది. అందుకే పిల్లల మొదటి చదువు ఇంటి భాషలో ఉండాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. మన సొంత గడ్డ మీద మనం అధిక సంఖ్యాకులం కాబట్టి ఆ మాట మనం అవతలి వైపు నుంచి విన్నాం. ఇక్కడ పరిస్థితి మారింది, మనమూ చిన్న సంఖ్యలో ఉన్నాం. ఇప్పుడు ఆ మాట ఇంకా బాగా వినపడాలి.

నేను అడుగుతున్నవి పెద్ద పనులు కావు. తెలుగు సంఘాలు తమ లెటర్‌హెడ్ మీద సెయింట్ పాల్ స్కూల్ బోర్డుకు ఒక ఉత్తరం రాయాలి. హ్మాంగ్ తరగతులను కొనసాగించాలని, టీచర్ల శిక్షణకు డబ్బు కేటాయించాలని అందులో ఉండాలి. బోర్డు మీటింగుల్లో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది. సెయింట్ పాల్‌లో ఉండే తెలుగు కుటుంబాల నుంచి ఒకరిద్దరు వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడాలి. "మేం సెయింట్ పాల్‌లో లేం కదా" అని శివార్లలో ఉన్నవాళ్లు అనుకోవద్దు. బడుల నిధుల్లో పెద్ద భాగం రాష్ట్ర శాసనసభ ఇచ్చేదే. మేపుల్ గ్రోవ్ శాసనసభ్యుడి ఓటు కూడా అందులో ఉంటుంది. మన ఓట్లు అడగడానికి గుడికి, పండగ కార్యక్రమాలకు అభ్యర్థులు వస్తూనే ఉన్నారు. ఈసారి వాళ్లను రెండు భాషల బడుల గురించి కూడా అడగండి.

ఎలిమెంటరీ వయసు పిల్లలున్న సెయింట్ పాల్ తెలుగు తల్లిదండ్రులకు ఇంకో సూచన. ఈ తరగతులు హ్మాంగ్ పిల్లల కోసం మాత్రమే అని అనుకోకండి. బడికి వెళ్లి చూడండి, టీచర్లతో మాట్లాడండి, తర్వాత నిర్ణయించుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో హ్మాంగ్, ఇంగ్లీషు అంటే మూడు భాషలు. మన ఊళ్లలో ఉర్దూ, తెలుగు, హిందీ, ఇంగ్లీషు నాలుగూ మాట్లాడే పిల్లలు వీధికొకరు దొరుకుతారు. మూడు భాషలకు పిల్లల బుర్ర అలిసిపోతుందని హైదరాబాద్ పాతబస్తీలో ఎవరూ అనుకోరు.

వారాంతపు తెలుగు బడుల టీచర్లతో నాకు ప్రత్యేకంగా పని ఉంది. చిన్న పిల్లలకు పాఠాలు ఎలా అల్లాలో, పుస్తకాలు ఎలా వేసుకోవాలో మనకు కొంత అనుభవం ఉంది. ఇంటి భాషలో సైన్సు, లెక్కలు ఎలా చెప్పాలో వాళ్లకు అనుభవం ఉంది. ఒక శనివారం రెండు వైపుల టీచర్లు కూర్చుంటే ఇద్దరికీ లాభమే. హ్మాంగ్ కల్చరల్ సెంటర్ సెయింట్ పాల్‌లోనే ఉంది, అక్కడ మ్యూజియం కూడా ఉంది. ముందు మన పిల్లలను అక్కడికి ఒక ట్రిప్ తీసుకెళ్దాం.

వచ్చే ఆగస్టు 29 కార్యక్రమానికి ఒక హ్మాంగ్ టీచరును, ఆమె తరగతి పిల్లలను వేదిక మీదికి పిలవాలని నా విన్నపం. గిడుగు వారి ఫొటోకు దండ వేశాక ఆమెకు పదిహేను నిమిషాలు ఇవ్వండి. పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను తీసుకొచ్చే ఏర్పాటు, భోజనాల సంగతి నేను చూసుకుంటాను. బోర్డుకు రాసే ఉత్తరం మీద సంతకాలు కూడా ఆ రోజే తీసుకుందాం. సంఘం కమిటీ ఈ విషయాన్ని వచ్చే మీటింగు ఎజెండాలో పెడితే, వచ్చి మాట్లాడటానికి నేను సిద్ధం.

ఇట్లు
సెయింట్ పాల్ ఈస్ట్ సైడ్ నుంచి, వారాంతపు బడిలో తెలుగు చెప్పే ఒక టీచరు